పదకొండు ఫోటాన్లు, నలభై ఇసుక మూటలు

గద్వాల దాకా వెళ్ళి చీర కొనకుండా తిరిగొచ్చానంటే మా కాకినాడలో ఎవరూ నమ్మలేదు. మా పిన్నయితే నా బ్యాగు తెరిచి మరీ చూసింది. అందులో కొలత టేపు ఒకటి, నోటు పుస్తకం ఒకటి, రెండు కిలోల పల్లీలు ఉన్నాయి. "ఇందుకా అంత దూరం వెళ్ళావు?" అంది. నిజానికి నేను వెళ్ళింది మూడు గుంతలు కొలవడానికి. ఆ మాట చెబితే ఇంకా కంగారు పడుతుందని ఊరుకున్నాను.

గుంతల సంగతి కాస్త చెప్పాలి. అప్పట్లో నేను హైదరాబాదులో ఒక చిన్న పరిశోధన బృందంలో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. అంతరిక్షం నుంచి వచ్చిపడే అతి శక్తిమంతమైన కణాలను లెక్కపెట్టడం మా పని. అవి గాలిని గుద్దుకుని వేలకొద్దీ చిన్న కణాలుగా చెదిరి, జల్లులా నేలకు దిగుతాయి. వచ్చింది ప్రోటాన్ లాంటి హాడ్రాన్ జాతి కణమైతే, ఆ జల్లులో మ్యూయాన్లనే మొండి కణాలు బోలెడు ఉంటాయి. మట్టి అడ్డమొచ్చినా అవి ఆగవు. వచ్చింది ఫోటాన్, అంటే వట్టి వెలుగు కణమైతే, మ్యూయాన్లు దాదాపు ఉండవు. మిగతావి మట్టిలోనే ఆగిపోతాయి. అందుకని ప్రతి కేంద్రంలోనూ కణం తగిలితే మోగే పలకలు పెడతాం: డాబా మీద నాలుగు, గుంతలో మట్టి బరువు కింద ఒకటి. డాబా మీదివి మోగి గుంతలోది మోగకపోతే వెలుగు వచ్చినట్టు.

అయితే వెలుగుకు ఒక వింత గుణం ఉంది. శక్తి బాగా ఎక్కువున్న ఫోటాన్ ఎప్పుడో ఒకసారి, రెప్పపాటులో కోట్లలో ఒక వంతు సేపు, పదార్థం రూపమెత్తి అచ్చం హాడ్రాన్‌లా గాలిని గుద్దుతుంది. అప్పుడు దాని జల్లులోనూ మ్యూయాన్లు పుడతాయి. సిద్ధాంతం ప్రకారం వందల ఫోటాన్లలో ఏ ఒక్కటో చేసే పని ఇది. వచ్చిన దిక్కునూ, జల్లు పరుచుకున్న తీరునూ బట్టి మేము ఫోటాన్లని తేల్చినవి కొన్ని వందలు. అందులో ఒక్కటి అలా ఉంటే లెక్క సరిపోయేది. పదకొండు ఉన్నాయి!

ఆ పదకొండు నిజమైతే వెలుగు గురించి అందరూ నమ్మిన లెక్క తప్పినట్టే. ఆ సంగతి కనిపెట్టింది నేను. సోమవారం కమిటీ ముందు చెప్పాలి, చెబితే నా ఉద్యోగం మరో మూడేళ్ళు పొడిగిస్తామన్నారు. మా బృందానికి పెద్దాయన మాత్రం "ముందు మూడు గుంతలూ నీ కళ్ళతో చూసి రా అమ్మా" అన్నారు. ఆ కేంద్రాలు పెట్టినప్పుడు నేను ఇంకా బృందంలో చేరలేదు. నాకు ఒళ్ళు మండింది. గుంతలో చూడటానికి ఏముంటుంది? మూతి ముడుచుకునే గురువారం పొద్దున నాగర్‌కర్నూల్ బస్సెక్కాను.

బిజినేపల్లి దగ్గర

నాగర్‌కర్నూల్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో బిజినేపల్లి వైపు వెళ్ళాను. మా కేంద్రం ఒక రైతు చేలో ఉన్న రేకుల షెడ్డు. దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఏసోబు అనే అరవై ఏళ్ళ మనిషి. నేను దిగేసరికి డాబా మీద, అంటే పలకల కోసం పోసిన చిన్న స్లాబు మీద, పల్లికాయలు ఆరబోసి ఉన్నాయి. మా పలకలు వాటి కింద ఎక్కడో ఉన్నాయి.

"ఎండ మంచిగ తగులుతది మేడం ఈడ. జర సేపట్ల ఎత్తుకుంట" అన్నాడు ఏసోబు, నా మొహం చూసి.

పల్లికాయల వల్ల మాకు నష్టమేమీ లేదని మనసులో లెక్క కట్టుకుని ఊపిరి పీల్చుకున్నాను. అసలు దెబ్బ షెడ్డు లోపల తగిలింది. మా రికార్డుల్లో గుంత లోతు ఐదడుగులు. పలక దాకా చెయ్యి పెట్టడానికి మట్టి పక్కన వదిలిన సందులోంచి టేపు వదిలితే ఆరున్నర దగ్గర ఆగింది. మళ్ళీ వదిలాను. మళ్ళీ ఆరున్నరే.

"ఇది ఐదడుగులు కదా ఉండాలి?"

"వాళ్ళు ఐదే చెప్పిన్రు. నేనే ఆరున్నర దీసిన."

"ఎందుకండీ?"

ఏసోబు నన్ను జాలిగా చూశాడు. "ఐదడుగులు సుత ఒక గోతేనా మేడం? నేను బొంబాయి దిక్కు కాల్వలు దవ్విన, ఒడిశాల దవ్విన, నా జిందగీ అంత దవ్వుడే. ఐదడుగులకే పార పక్కకు వెట్టి ఇంటికి వోతే నలుగురు నవ్వరా?"

గోడలు కత్తితో కోసినంత నున్నగా ఉన్నాయి. మెచ్చుకోవాలో తిట్టాలో తెలియలేదు. అడుగున్నర మట్టి ఎక్కువైతే మ్యూయాన్లు కొన్ని తగ్గుతాయి, లెక్కలు సరిచేసుకోవచ్చు. కానీ ఇన్నాళ్ళుగా ఒక్కరైనా టేపు వేసి చూడలేదన్నది నన్ను నిలువునా కుదిపేసింది. ఆ చూడనివాళ్ళలో నేనూ ఉన్నాను.

ఏసోబు భార్య మరియమ్మ తినకుండా కదలనివ్వలేదు. అరచేతుల మధ్య జొన్నపిండి ముద్దను తట్టి తట్టి పళ్ళెమంత రొట్టె చేస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. మా వైపు ముద్ద అంటే అన్నం ముద్దే. రొట్టె, పల్లికారం, ఉల్లిగడ్డ నంజుకుని పచ్చిపులుసు. రెండో రొట్టెకే నా దవడలు నొప్పెట్టాయి. "గింతేనా తినుడు?" అని మరియమ్మ నవ్వి, పల్లీలు మూట కట్టి నా బ్యాగులో పెట్టింది. ఆ హడావుడిలో నా కొలత టేపు షెడ్డులోనే మర్చిపోయాను. సగం దారిలో గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

వనపర్తి

శుక్రవారం పొద్దున్నే వనపర్తిలో మొదటి పని టేపు కొనడం. హార్డ్‌వేర్ దుకాణం ఆయన "ప్లాటు కొలుస్తరా?" అన్నాడు. గుంత అన్నాను. "బోరా?" అన్నాడు. కాదు, వెలుగును కొలిచే గుంత అన్నాను. ఆయన చిల్లర చేతిలో పెట్టి, నేను మెట్లు దిగేదాకా కన్నార్పకుండా చూశాడు.

అక్కడి కేంద్రం ఒక కాలేజీ పెరట్లో ఉంది. చూసుకునేది శేఖర్ గారని ఫిజిక్స్ లెక్చరర్. గుంత లోతు సరిగ్గా ఐదడుగులు, పైన మట్టి సరిగ్గా ఉంది, వారం వారం చూసినట్టు రిజిస్టరులో సంతకాలు ఉన్నాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ ఉత్సాహంలో నా పదకొండు ఫోటాన్ల కథ ఆయనకు చెప్పేశాను. క్యాంటీన్‌లో పది రూపాయల చాయ్ తాగుతూ ఆయన అంతా విన్నారు.

"ఆ పదకొండుల మా కాలేజీవి ఎన్ని మేడం?"

"ఒక్కటీ లేదండీ."

"నాగర్‌కర్నూల్‌వి?"

"అవీ లేవు. అన్నీ గద్వాలవే."

శేఖర్ గారు కప్పు కింద పెట్టారు. "అంటే వెలుగు గద్వాలకు వొయినంకనే హాడ్రాన్ వేషం గడ్తదా?"

ఆయన నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. గద్వాల కేంద్రం అన్నిటికన్నా పాతది, పలకలు పెద్దవి, వచ్చిన ఫోటాన్లలో ముప్పావు వంతు అక్కడివేనని జవాబు చెప్పాను. జవాబు నిజమే. కానీ చెబుతున్నప్పుడు నా గొంతు నాకే నచ్చలేదు. ఏసోబు గుంత కళ్ళముందు మెదిలింది. ఆ రోజంతా నా మనసు మనసులో లేదు.

కృష్ణ వంతెన మీద

శనివారం పొద్దున గద్వాల బస్సులో నిలబడటానికి కూడా చోటు లేదు. పెబ్బేరు దాటాక కండక్టరును అడిగాను, ఏమిటీ జనం అని.

"ఇయ్యాల అమాస గద మేడం. బీచుపల్లిల కృష్ణల మునిగి, హనుమంతునికి మొక్కి వోతరు."

మా ఇంట్లో అమావాస్య అంటే ఏ పనీ మొదలుపెట్టకూడని రోజు. క్షౌరం లేదు, ప్రయాణం లేదు. అమ్మకు ఫోన్ చేసి బస్సులో ఉన్నానంటే తిట్లు తప్పవు. ఇక్కడేమో మూటా ముల్లెతో బస్సు నిండా ప్రయాణాలే. వంతెన దగ్గర సగం బస్సు ఖాళీ అయ్యాక కిటికీ సీటు దొరికింది. నీళ్ళ ఒడ్డున తడి చీరలు ఆరబెట్టుకుంటున్న ఆడవాళ్ళను చూస్తూ కూర్చున్నాను. ఆ అమావాస్య నాకే తగలబోతోందని ఏ కోశానా తోచలేదు.

గద్వాల

బస్టాండు బయట ముప్పై రూపాయలకు ఉగ్గాని తిన్నాను. అది మరమరాలతో చేసే టిఫిను; మేము మరమరాలనేవాటిని వీళ్ళు బొరుగులంటారు. మా వైపు వాటిని పొడిగా, కరకరలాడుతూ తింటాం. ఇక్కడ నీళ్ళలో నానబెట్టి, పుట్నాల పొడి, ఉల్లిగడ్డలతో పోపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీ పడేస్తారు. నానిన మరమరాలు తినడం ఏమిటని ముక్కు విరిచి, చివరికి రెండో ప్లేటు అడిగాను. పక్క బెంచీ మీద రాయచూరు నుంచి వచ్చినవాళ్ళు కన్నడంలో బేరాల గురించి వాదించుకుంటున్నారు.

మా కేంద్రం ఒక నేత ఇల్లు. ఇంటావిడ పేరు సువర్ణ, యాభై దాటిన మనిషి. ముందుగదిలో రెండు గుంత మగ్గాలు ఉండేవి. కాళ్ళు గుంతలో పెట్టుకుని, నేల మీద కూర్చుని నేసే మగ్గాలు. భర్త నేత మానేసి పూణెకు మేస్త్రీ పనికి పోయాక ఒక మగ్గం విప్పేశారు. ఆ ఖాళీ గుంతను మా బృందం అద్దెకు తీసుకుంది. అడుగున పలక పెట్టి, పైన నలభై ఇసుక మూటలు పేర్చింది. తవ్వే పని తప్పిందని అప్పట్లో అందరూ సంతోషించారట.

వీధిలోకి వెళ్ళగానే ఏదో తేడాగా తోచింది. మగ్గాల చప్పుడుతో చెవులు హోరెత్తుతాయని విన్నాను. ఒక్క చప్పుడూ లేదు. తలుపు తీసే ఉంది. "సువర్ణగారూ" అని పిలుస్తూ లోపలికి అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయాను.

నలభై ఇసుక మూటలూ గోడ వారగా వరసగా నిలబెట్టి ఉన్నాయి. గుంత ఖాళీ. అంచుల చుట్టూ తడిచేత్తో అలికి ముగ్గు వేశారు. గట్టు మీద పసుపు, కుంకుమ, వెలుగుతున్న దీపం. గుంత అడుగున, నల్లటి కవరులో, మా పలక. దాని మీద ఇసుక రేణువు కూడా లేదు.

పైన ఇసుక లేకపోతే ఆ పలకకూ డాబా పలకకూ తేడా ఏముంది? జల్లులోని ప్రతి చిల్లర కణమూ వచ్చి దాన్ని మోగిస్తుంది. మేమేమో హైదరాబాదులో కూర్చుని మ్యూయాన్, మ్యూయాన్ అని రాసుకుంటాం.

"వచ్చిన్రా మేడం? కూసోండ్రి, చాయ్ పెడ్త" అంటూ సువర్ణ లోపలి నుంచి వచ్చింది. నా వాలకం చూసి బెదిరింది. "ఏమైంది? పానం బాగలేదా?"

"సువర్ణగారూ, ఈ మూటలు... ఎవరు తీశారు?"

"గారు గీరు ఏంది, అక్కా అను. నేనే దీసిన. ఇయ్యాల అమాస గద."

"ప్రతి అమావాస్యకూ తీస్తారా?"

"తియ్యకుంటే ఎట్ల? అమాస నాడు మగ్గం ముట్టం. గుంత కడిగి, దీపం వెట్టి మొక్కుతం. మా అత్త ఉన్నప్పటి సంది గదే రివాజు. మా ఆయన మగ్గం ఇప్పినా గుంత గుంతనే గద మేడం. దాని మీద గంత బరువు వెట్టి పండుగ నాడు సుత గట్లనే ఇడిస్తమా? పొద్దున తీస్త, పొద్దుగూకినంక మల్ల పెడ్త."

"మాకు ఒక్కసారైనా చెప్పలేదేం అక్కా?"

సువర్ణ మొహంలో రంగు పోయింది. "మీ సార్లు ఏం చెప్పిన్రు? పలకను ముట్టొద్దు, వైరు గుంజొద్దు, నీళ్ళు తగలనియ్యొద్దు. నేను పలకను ముట్టలే. నీళ్ళు సుత అంచులకే తడిబట్టతోని తుడిచిన. మూటలు ముట్టొద్దని ఎవ్వరు చెప్పలే."

నిజం. మా ఒప్పంద కాగితంలో ఆ మూడు మాటలే ఉన్నాయి. ఆమె ఒక్కటీ తప్పలేదు. అంతేకాదు, ప్రతి మూట మెడకూ ఒక రంగు దారం కట్టి ఉంది. కింది వరస ఎర్ర దారం, ఆ పైది పచ్చ, ఆ పైది నీలం. ఏ మూట ఎక్కడి నుంచి తీసిందో అక్కడికే చేరాలని. అంత జాగ్రత్తగా చేసిన పని మీద కోప్పడటానికి నాకు నోరు రాలేదు. కోపమంతా నా మీదే వచ్చింది. గుంత పలక ఒంటరిగా ఎన్నిసార్లు మోగుతుందో రోజూ రాసుకుని ఉంటే, మూటలు తీసిన రోజు అంకె పెరగడం పసిపిల్లకైనా కనిపించేది. ఇంటర్నెట్ ఖర్చు దండగని ఆ లెక్కను ఆపించింది నేనే. తెలివైన పని చేశానని మెచ్చుకోలు కూడా పొందాను.

నేల మీద చతికిలబడి నోటు పుస్తకం తీశాను. పదకొండు తేదీలు. ఫోన్‌లో పంచాంగం తెరిచి ఒక్కొక్క తేదీ కొట్టాను. మొదటిది అమావాస్య. రెండోది అమావాస్య. మూడోదీ అంతే. తొమ్మిది. పదకొండింటిలో తొమ్మిది అమావాస్యలు, అన్నీ పగటివేళవే! ఏడుపు ముంచుకొచ్చింది, ఆపుకోలేదు. సువర్ణ నీళ్ళ చెంబు తెచ్చి పక్కన కూర్చుంది.

ఇంకా రెండు తేదీలున్నాయి. ఆశ ఎంత సిగ్గులేనిదో నాకు ఆ క్షణంలో తెలిసింది. పదోది చదివి వినిపించాను.

సువర్ణ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "గది మా అత్త వొయిన పదకొండో దినం. ఇల్లంత కడిగినం. ఆ దినం సుత తీసిన."

పదకొండోది చదివాను. ఆమె ఆలోచిస్తోంది.

"తెల్వది మేడం, యాదికొస్తలేదు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "తియ్యలేదని చెప్తే నీకు మంచిదైతదా? చెప్త మరి" అంది.

సరేననాలనిపించింది. ఇది రాస్తున్నాను కాబట్టి ఆ మాట దాచను. "వద్దక్కా" అనడానికి నాకు చాలా సేపు పట్టింది.

ఆమె తేదీ మళ్ళీ చదవమంది. ఉన్నట్టుండి లేచి, అల్మరాలో బట్టల కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో కర్నూలులో కంటి ఆపరేషన్ చేయించుకున్న చీటీలు. చేరిన తేదీ, ఇంటికి పంపిన తేదీ. నా పదకొండో తేదీ ఆ రెంటికీ మధ్యలో ఉంది.

"నాలుగు దినాలు దవాఖానల ఉన్న. మా చెల్లె నా తోనే ఉండె. ఇంటికి తాళం, తాళంచెవి నా కొంగుకు. ఈడ ఎవ్వరు లేరు" అంది సువర్ణ.

అంటే ఆ రోజు నలభై మూటలూ గుంతలోనే ఉన్నాయి. తాళం వేసిన ఇంట్లో, ఆ ఇసుకంతా దాటుకుని వచ్చి పలకను మోగించింది ఆ ఒక్క జల్లే. వందల్లో ఏ ఒక్కటో అని సిద్ధాంతం చెప్పింది. సరిగ్గా ఆ ఒక్కటే మిగిలింది. పదకొండు దొరికినప్పుడు కూడా ఇంత విస్తుపోలేదు. కాసేపటి క్రితం ఏడ్చిన దాన్ని, చీటీ పట్టుకుని నవ్వుతుంటే సువర్ణ మరీ పరేషాన్ అయింది.

అక్కడి నుంచే పెద్దాయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "ఒకటి మిగిలిందా?" అన్నారాయన. ఆ తర్వాత, "సోమవారం అలాగే చెప్పమ్మా. ఏం జరుగుతుందో నీకూ తెలుసు" అన్నారు. తెలుసన్నాను.

సాయంత్రం దీపం కొండెక్కాక ఇద్దరం కలిసి మూటలు గుంతలోకి దించాం. ఒక్కొక్కటి పదిహేను కిలోలు. పదో మూటకే నా నడుము పట్టేసింది. ఈమె ప్రతి నెలా నలభై పైకి, నలభై కిందికి ఒక్కతే మోస్తోంది.

"గుంత వాపస్ ఇచ్చేస్తరా మేడం?" అని అడిగింది, ఎర్ర దారం మూటల మీద పచ్చ దారంవి పేరుస్తూ. మూటల సంగతి అడిగినప్పటి నుంచి ఆమె మనసులో నలుగుతున్నది ఆ భయమేనని అప్పుడు అర్థమైంది.

"లేదక్కా. మీ దీపం మీరు పెట్టుకోండి. మూటలు తీసే ముందు ఒక ఫోన్ చెయ్యండి, పెట్టాక ఒక ఫోన్ చెయ్యండి. ఆ కాసేపు మేము లెక్కలోంచి తీసేస్తాం."

"గింతేనా? గా మాట మొదలే చెప్తే అయిపోతుండె గద" అంది సువర్ణ.

హైదరాబాదుకు వచ్చాక

సోమవారం కమిటీ ముందు పదకొండు వరసల పట్టిక పెట్టాను. తొమ్మిదింటికి ఎదురుగా అమావాస్య అనీ, పదోదానికి ఎదురుగా ఇంటి శుద్ధి అనీ రాసి కొట్టేశాను. మొదట ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పదకొండో వరస మీద నేను ఎంతసేపు మాట్లాడినా వినేవాళ్ళు ఇద్దరే. "అంటే అంతా పుస్తకాల్లో ఉన్నట్టే ఉందన్నమాట" అని ఒకాయన ఫైలు మూశాడు. వెలుగు చేసిన అంత గొప్ప చిత్రం ఆయనకు సాదాసీదా సంగతిగా కనిపించడం నన్ను ఇప్పటికీ నివ్వెరపరుస్తుంది. నా పొడిగింపు రాలేదు.

ఇప్పుడు కాకినాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. ప్రతి అమావాస్య పొద్దున్న ఐదున్నరకు ఫోన్ మోగుతుంది.

"మేడం, మూటలు దీస్తున్న. రాస్కో."

రాసుకున్నానక్కా అంటాను. టైము పెద్దాయనకు పంపిస్తాను. ఆ ఉద్యోగంలో నేను లేనని సువర్ణక్కకు ఇంతవరకూ చెప్పలేదు.